ఏ గడపకు బయట?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫ్రెంచి కథ అనువాదం రెండుసార్లు చదివాను. వాక్యం చక్కగా నడిచింది. అయితే మూలంలో 'ఎత్రాంజె' కనిపించిన ప్రతిచోటా 'విదేశీయుడు' అనే రాసుకుంటూ పోయావు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం.

లాటిన్‌లో 'ఎక్స్‌ట్రా' అంటే బయట. 'ఎక్స్‌ట్రానియుస్' అంటే బయటివాడు, బయటిది. ఈ మాటే పాత ఫ్రెంచి మీదుగా నేటి ఫ్రెంచిలో 'ఎత్రాంజె', ఇంగ్లీషులో 'స్ట్రేంజర్', స్పానిష్‌లో 'ఎక్స్‌త్రంహేరో', ఇటాలియన్‌లో 'స్త్రానియేరో' అయింది. పుట్టిల్లు ఒకటే అయినా వీటి కాపురాలు వేరు. స్పానిష్ మాట పరదేశిని చెబుతుంది. నేటి ఇంగ్లీషు మాట పక్కవీధిలో ఉన్నా మనకు ముఖపరిచయం లేని మనిషిని చెబుతుంది. ఫ్రెంచి మాటలో మాత్రం ఆ ఇద్దరూ ఇమిడి ఉన్నారు. అందుకే 1942లో ఆ పేరుతో వచ్చిన ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ నవల 1946లో ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు బ్రిటన్‌లో 'ది అవుట్‌సైడర్', అమెరికాలో 'ది స్ట్రేంజర్' అయింది. అందులోని కథానాయకుడు అప్పట్లో ఫ్రెంచి పాలనలో ఉన్న అల్జీరియాలోని అల్జీర్స్ నగరంలో బతికే ఫ్రెంచివాడు, అప్పటి ఫ్రెంచి చట్టం దృష్టిలో విదేశీయుడు కాడు; అతణ్ణి తెలుగులో 'విదేశీయుడు' అంటే కథే దారి తప్పుతుంది.

ఈ కుటుంబంలో నన్ను ఎక్కువగా కదిలించేది స్పానిష్ క్రియ 'ఎక్స్‌త్రన్యార్'. వింతగా తోచడం అన్న అర్థంతో పాటు, లాటిన్ అమెరికాలో దూరమైన మనిషి కోసం బెంగపడటానికీ ఈ మాటే వాడతారు. 'బయట' అన్న మాట అక్కడ 'నువ్వు లేని వెలితి' దాకా ప్రయాణించింది.

నీ అనువాదంలో పదేళ్ళకు ఇల్లు చేరిన కొడుకును చూసి తల్లి ఆ మాట అంటుంది. వాడిది ఆ ఊరే, ఆ దేశమే. ఆమె చెబుతున్న గడప దేశానిది కాదు, తన ఇంటిది. 'పరాయివాడివైపోయావురా' అన్న మాట మన ఇళ్ళలో ఎన్నిసార్లు వినలేదు? ఇంగ్లీషువాళ్ళు 'ఎస్ట్రేంజ్' అనే క్రియతో చెప్పే దూరం కూడా ఇదే; మనకు అది 'పరాయి చేయడం'.

పోలీసు ఠాణా సన్నివేశంలో 'విదేశీయుడు' సరిగ్గా కుదిరింది, దాన్ని కదిలించకు. తల్లి మాట మార్చు. శ్మశానం దగ్గర పూజారి అన్నచోట 'పరాయి' కావాలో 'ముక్కూమొహం తెలియనివాడు' కావాలో, మూలాన్ని పైకి చదివి, ఆయన ఆ కుటుంబాన్ని ఎంతగా ఎరుగునో చూసుకుని నువ్వే తేల్చి, ఆ రెండు పేజీలు మళ్ళీ పంపు.