ప్రార్థనలో మాట రాని రోజులు

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె, బాప్టిస్టు సంఘం. అమ్మ పోయి పది నెలలైంది. అప్పటినుంచి కుటుంబ ప్రార్థనలో నాకు నోట మాట రావడం లేదు. విశ్వాసం తగ్గిందని అత్తగారు అంటున్నారు. తెల్లవారుజామున అమ్మ బైబిలు తెరుస్తాను. 13వ కీర్తన దగ్గర ఆమె పసుపు వేలిముద్ర ఉంది, దాన్నే చూస్తూ కూర్చుంటాను. స్త్రీల సమాజం బాధ్యత వదిలేద్దామనుకుంటున్నాను. ఆత్మీయ మార్గదర్శి దగ్గర ప్రార్థన నేర్చుకోవాలని ఉంది కానీ, అది మన పద్ధతి కాదని మావారు అంటున్నారు.

జవాబు: అమ్మా, ఆ వేలిముద్రను చూస్తూ మీరు కూర్చునే సమయాన్ని ప్రార్థన కాదని నేను అనలేను. ఆ కీర్తన మొదలయ్యేదే ‘ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు’ అన్న మొరతో. అంత నిష్ఠూరమాడిన వాణ్ణి విశ్వాసం లేనివాడని బైబిలు తోసిపుచ్చలేదు. మీ అత్తగారు భయపడి అన్న మాటను తీర్పుగా తీసుకోకండి.

రోజూ ఆ కీర్తననే నెమ్మదిగా, మీకు వినిపించేలా చదవండి. ఏ మాట దగ్గర మనసు ఆగితే అక్కడే ఆగి, దాన్ని నెమరువేసుకుని, లోపల కదిలినదాన్ని దేవునితో ఉన్నదున్నట్టు చెప్పుకుని, ఆపై ఏమీ అడగకుండా కాసేపు ఆయన సన్నిధిలో ఉండండి. 12వ శతాబ్దంలో గీగో అనే సన్యాసి ఈ నాలుగు మెట్లను వివరించాడు. చదివేది మీ బైబిలే కనుక ఇందులో మీ సంఘానికి పరాయిది ఏమీ లేదు.

స్త్రీల సమాజం బాధ్యతను మాత్రం ఇప్పుడు వదలకండి. మనసు ఎండిపోయిన కాలంలో, అంతకుముందు నెమ్మదిగా ఉన్నప్పుడు చేసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదని 16వ శతాబ్దంలో జెస్యూట్ సభను స్థాపించిన కతోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా రాశాడు; ఇన్నేళ్లుగా ఉత్తరాలు చదువుతున్న నాకు ఇంతకంటే అక్కరకొచ్చిన సలహా మరొకటి కనబడలేదు. భారంగా ఉంటే కొన్నాళ్లు మరొకరి సాయం తీసుకోండి. నిద్ర, తిండి కూడా తప్పుతుంటే ప్రార్థనతోపాటు వైద్యునికీ చూపించుకోండి.

మార్గదర్శి అంటే మీ తరఫున దేవునితో మాట్లాడేవారు కారు. నెలకొకసారి గంటసేపు మీరు చెప్పేది విని, ఈ నెలలో దేవుడు ఎక్కడ దగ్గరగా అనిపించాడు, ఎక్కడ దూరమయ్యాడు అని అడిగి, జవాబును మీరే వెతుక్కునేలా తోడుండే మనిషి. కతోలిక సిస్టర్లలో ఇందులో శిక్షణ పొందినవారు ఉంటారు. మీ సంఘంలోనే నోరు జారని ఒక పెద్ద పాస్టరమ్మ కూడా కావచ్చు. ‘దేవుడు నీ గురించి నాతో చెప్పాడు’ అంటూ ఆజ్ఞలు వేసేవారి దగ్గర, కానుక అడిగేవారి దగ్గర, ఇంట్లో చెప్పవద్దనేవారి దగ్గర ఒక్క పూట కూడా ఉండకండి.

మీవారికి ఒంగోలు ప్రార్థన కొండను గుర్తుచేయండి. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూవెట్ దొర దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. వారు అడిగిన ఆ సేవకుడు, మిషనరీ క్లౌ దొర, వచ్చి అక్కడ స్థిరపడింది 1866లో. మధ్యలోని ఆ పన్నెండేళ్లను వారి అవిశ్వాసమని మీ సంఘంలో ఎవరూ అనరు కదా. ఇది చెప్పి, వచ్చే శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ‘మీతో వచ్చి, నోరు తెరవకుండా పక్కన కూర్చోవచ్చా’ అని ఆయన్ను ముందే అడగండి.