బెల్‌ఫాస్ట్‌లో కొడుకు, డబ్లిన్‌లో మేనమామ: దసరాకు వెళ్ళి రావచ్చా?

మిర్యాలగూడ నుంచి ఒక అన్న అడిగారు: "మావాడు బెల్‌ఫాస్ట్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. వాడి మేనమామ డబ్లిన్‌లో ఉంటాడు. ట్రైన్‌లో రెండు గంటలేనట, దారిలో చెకింగ్ కూడా ఉండదట. దసరాకు మేమూ అక్కడికి వస్తున్నాం. అందరం కలిసి పోయి రావచ్చా?"

అన్నా, బెల్‌ఫాస్ట్ ఉన్న ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం, డబ్లిన్ ఉన్న ఐర్లాండ్ వేరే దేశం. మీరూ వదినా వెళ్ళొచ్చు. మీవాడు మాత్రం ఐర్లాండ్ వీసా చేతికొచ్చాకే కదలాలి. అక్కడే చదువుకునేవాడికి లేని వెసులుబాటు చుట్టపుచూపుగా వచ్చే మీకెలా ఉందని ఆశ్చర్యపోవద్దు, రూల్ అలాగే ఉంది.

బ్రిటన్, ఐర్లాండ్ మధ్య 1920ల నుంచీ ఉమ్మడి ప్రయాణ ఒప్పందం ఉంది. ఒక దేశం పౌరులు రెండో దేశంలో వీసా లేకుండా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. ఆ హక్కు ఆ రెండు దేశాల పౌరులదే, మన పాస్‌పోర్టుకు వర్తించదు. మనలాంటివాళ్ళ కోసం బీఐవీఎస్ (BIVS, అంటే బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అని వేరే పథకం పెట్టారు. ఇండియాలో అప్లై చేసి తీసుకున్న విజిటర్ వీసాలో ఆ అక్షరాలుంటే ఒకే వీసాతో రెండు దేశాలూ తిరగొచ్చు. వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలి. మీది బ్రిటన్ వీసా కాబట్టి హైదరాబాద్ నుంచి నేరుగా డబ్లిన్‌కు టికెట్ బుక్ చేసుకోకండి. స్టూడెంట్, వర్క్ వీసాలకు ఈ పథకం లేదు.

ఇక చెకింగ్ లేదన్న మాట. మాది హాలియా. మేం సాగర్ దాటి మాచర్ల వెళ్ళినట్టే ఉంటుంది బ్రిటన్ వైపు న్యూరీ దాటి ఐర్లాండ్ వైపు డండాక్ వెళ్ళడం. గేటుండదు, అడిగేవాళ్ళుండరు. రోడ్డు పక్క బోర్డుల్లో మైళ్ళు పోయి కిలోమీటర్లు వస్తాయి, ఫోన్‌కు కొత్త నెట్‌వర్క్ మెసేజ్ వస్తుంది, అంతే. కానీ ఐర్లాండ్ పోలీసులు, అంటే గార్డాలు, అప్పుడప్పుడు బస్సు, ట్రైన్ ఎక్కి పాస్‌పోర్టులు చూస్తారు. వీసా లేనివాళ్ళను వెనక్కి పంపుతారు. ఆ తర్వాత చాలా దేశాల వీసా ఫారమ్‌లలో ఆ సంగతి రాయాల్సి వస్తుంది. "ఏం కాదు, మేమంతా పోయొచ్చాం" అనే ఫ్రెండ్స్ మాట పిల్లలు వినకూడదు. ఐర్లాండ్ సింగిల్ ఎంట్రీ వీసా ఫీజు 60 యూరోలే, మల్టిపుల్ అయితే 100. సెలవులకు చాలా ముందే అప్లై చేస్తే టెన్షన్ ఉండదు.

డబ్లిన్ నుంచి మేనమామ ఇటు రావాలన్నా అంతే. ఐర్లాండ్ రెసిడెన్స్ కార్డు బ్రిటన్‌లో చెల్లదు, విజిటర్ వీసా కావాలి. ఐర్లాండ్ నుంచి వచ్చే విమానాలకు బ్రిటన్‌లో ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు. అడగలేదు కదా అని వీసా లేకుండా వచ్చేస్తే అది చట్టవిరుద్ధమే.

చిన్నవాణ్ణి ఏ దేశం పంపాలని కూడా అడిగారు. నన్నడిగితే, సాఫ్ట్‌వేర్ వైపైతే ఐర్లాండ్. మాస్టర్స్ తర్వాత రెండేళ్ళ దాకా ఉద్యోగం వెతుక్కోనిస్తారు. బ్రిటన్‌లో 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్ళకు అది ఏడాదిన్నరే. అయితే డబ్లిన్‌లో గది దొరకడమే గగనం, అద్దె చూస్తే గుండె గుభేలుమంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఫీజు కట్టాలి. బ్రిటన్‌లో స్టూడెంట్‌కు వైద్యం కింద ఏడాదికి 776 పౌండ్లు వీసాతోపాటే కట్టించుకుంటారు, డాక్టర్ ఫీజు మళ్ళీ ఉండదు.

చివరగా వదినకు ఒక మాట. సకినాలు, మామిడికాయ పచ్చడి, కారప్పొడి ధైర్యంగా సర్దుకోండి. తమ్ముడికి ఇష్టమని చికెన్ పచ్చడి, ఇంటి నెయ్యి మాత్రం పెట్టొద్దు. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు రెండు దేశాల్లోనూ రానివ్వరు, ఎయిర్‌పోర్టులోనే తీసి పారేస్తారు.