చీకట్లో కూడా కొలిచి చూడు

చిన్నీ,

కంట్లో వెలుగును పట్టే ప్రోటీన్ రొడాప్సిన్ మీద పీహెచ్‌డీలో చేరుతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు నేనెంత పొంగిపోయానో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నువ్వు పని చెయ్యబోయేది లేజర్లున్న గది. లేజర్ రంగుకు సరిపడే కళ్ళద్దాలు లేకుండా లోపల అడుగుపెట్టకు. గడియారం, గాజులు తీసెయ్యి. వాటి మీద పడి తిరిగొచ్చే వెలుగు చాలు, కన్ను పోవడానికి. ఈ ఒక్కటీ నా మాట విను తల్లీ.

శాంపిల్ చల్లగా ఉంచడం, మసక ఎర్ర దీపం కింద పని చెయ్యడం నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు చెబుతాను. వారాల తరబడి కష్టపడి పశువుల కళ్ళలోంచి రొడాప్సిన్ తీశాను. అది ఏ రంగు వెలుగును ఎంత పీల్చుకుంటుందో స్కాన్ చేసిన ప్రతిసారీ 500 నానోమీటర్ల దగ్గర పీక్ (గ్రాఫ్‌లో శిఖరం) కాస్త దిగేది, 380 దగ్గర ఇంకోటి లేచేది. మెల్లగా జరిగే కొత్త మార్పేదో దొరికిందని గైడ్‌కు చెప్పేశాను. ల్యాబ్‌లో సీనియర్ అక్క ఒక్కటే అడిగింది: "రెండు స్కాన్ల మధ్య గంటసేపు చీకట్లో వదిలి చూశావా?" చూడలేదు. వదిలితే పీక్ కదల్లేదు.

గ్రాఫ్‌లో గజిబిజి (నాయిస్) తగ్గాలని, వెలుగు వచ్చే సందు (స్లిట్) బాగా తెరిచి పెట్టాను. ఆ కొలిచే వెలుగే నా శాంపిల్‌ను తినేస్తోంది. నమ్మలేక గదిలో లైటు వేశాను. క్యూవెట్లోది, అంటే కొలిచే చిన్న పాత్రలోది, అప్పటికే పసుపు. ఇంకా కొలవని ట్యూబు గులాబీ ఎరుపులో ఉంది. చూస్తుండగానే అదీ నారింజకు తిరిగి, పసుపయింది. చాలాసేపు ఏడ్చాను.

ఒక్క ఫోటాన్, అంటే ఒక్క వెలుగు కణం, పీల్చుకుంటే చాలమ్మా. ప్రోటీన్‌లో 296వ అమైనో ఆమ్లమైన లైసిన్‌కు అతుక్కున్న రెటినాల్ అనే వెలుగు పీల్చే అణువు, 11-సిస్ అనే వంగిన రూపం నుంచి దాదాపు 200 ఫెమ్టోసెకన్లలో (సెకనులో ఊహకందనంత చిన్న భాగంలో) మెలి తిరిగి ఆల్-ట్రాన్స్ అనే చాచిన రూపానికి మారుతుంది. పీల్చుకున్న ప్రతి మూడు ఫోటాన్లలో సుమారు రెండు ఈ పని చేస్తాయి. దాని చుట్టూ ప్రోటీన్ సర్దుకోవడానికి మిల్లీసెకన్లు పడుతుంది. చివరికి రెటినాల్ ఊడిపోతుంది. క్యూవెట్లో అది తనంతట తాను వెనక్కి రాదు.

అందుకే ముందు బాక్టీరియోరొడాప్సిన్‌తో (సూక్ష్మజీవుల్లో ఉండే ఇలాంటి ప్రోటీన్‌తో) చెయ్యి అలవాటు చేసుకో. దానిలోని రెటినాల్ ఆల్-ట్రాన్స్ నుంచి 13-సిస్‌కు (ఇంకో వంగిన రూపానికి) వెళ్ళి, 10 మిల్లీసెకన్లు అటూ ఇటుగా మళ్ళీ మొదటికొస్తుంది. ఒకే శాంపిల్ మీద ఎన్నిసార్లయినా ఫ్లాష్ కొట్టొచ్చు. చీకట్లో ఉంచితే రెండు రూపాలూ కలిసి ఉంటాయి కాబట్టి, కాసేపు వెలుగు చూపించాకే మొదలుపెట్టు.

అర్ధరాత్రి దాకా తిండి మానేసి అక్కడే కూర్చోకు. మొదటి స్పెక్ట్రం వచ్చిన రోజు నాకు పంపు, చీకట్లో వదిలి తీసిన కంట్రోల్ (పోల్చి చూసే స్కాన్)తో సహా.

మీ అత్త