పాలు మాన్పించిన పంది పిల్లలకు సముద్రపు నాచు పొడి పెట్టవచ్చా?

పెట్టొచ్చు. కానీ మీరు రాసినదాన్ని బట్టి పిల్లల్ని తల్లి నుంచి వేరు చేసిన వారంలోనే పారుడు (విరేచనాలు) మొదలవుతోంది, దానికి మందుగా నాచు కలపాలనుకుంటున్నారు. మందుగా అయితే వద్దు. పారుతున్న పిల్లకు ముందు నీళ్లు, ఓఆర్‌ఎస్ పట్టించి వెంటనే పశువుల డాక్టర్‌కి చూపించండి. నాచు పనికొచ్చేది పారుడు రాకముందే.

మేం తిరుపతి దగ్గర యార్క్‌షైర్ క్రాసు పందులు పెంచుతున్నాం, తమిళనాడులో మండపం వైపు నుంచి వచ్చే ఎండు నాచు పొడి వాడుతున్నాం. పిల్లల దాణాలో వంద కిలోలకు ఒక కిలో, అంతకు మించి కలపం. పెంట గట్టిపడింది, పాలు మానిన కొత్తలో మేత ముట్టకుండా మూలన పడుకునే పిల్లలు తగ్గాయి. బరువులో మాత్రం నాకు పెద్ద తేడా కనిపించలేదు, కాబట్టి తొందరగా బరువొస్తాయని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు పెట్టకండి.

యూరప్‌లో పంది పిల్లల మీద జరిగిన పరిశోధనలు, ముఖ్యంగా డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లవి, ఎక్కువగా గోధుమరంగు నాచులో ఉండే లామినారిన్, ఫ్యూకోయిడాన్ అనే పదార్థాల మీద చేసినవి. పారుడు ఆపడానికి వాడే జింక్ ఆక్సైడ్‌ను అక్కడ 2022 జూన్‌లో ఆపేశారు, అందుకే ఇలాంటివాటి మీద వాళ్లకి అంత పట్టు. మన దగ్గర సాగుచేసేది ప్రధానంగా కప్పాఫైకస్, అది ఎర్రనాచు, అందులో ఉండేది క్యారజీనన్ అనే వేరే పదార్థం. అక్కడి ఫలితాలే ఇక్కడా వస్తాయని అనుకోవడానికి లేదు. మన తీరంలో దొరికే సర్గాసం గోధుమరంగుదే, కానీ ఆ జాతి ఆర్సెనిక్ అనే విషాన్ని బాగా పట్టి ఉంచుకుంటుంది, ల్యాబ్ రిపోర్టు చూడకుండా కొనొద్దు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఉప్పు దగ్గర. ఎండు నాచులో లవణాలు చాలా ఎక్కువ, అయోడిన్ కూడా ఉంటుంది, కాబట్టి నాచు కలిపినప్పుడు దాణాలో మామూలుగా వేసే ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం ఎంత తగ్గించాలో డాక్టర్‌ని అడిగి తగ్గించాలి. నీళ్లు అందకుండా ఉప్పు ఎక్కువైతే పందికి అది మెదడుకి ఎక్కుతుంది, తూలిపోయి ఫిట్స్ వచ్చి చనిపోతాయి, ఎండాకాలంలో పందులు నీళ్లు తాగే గొట్టం నిపుల్ మూసుకుపోయి ఎవరూ చూసుకోకపోతే ఇది నిజంగా జరిగే పనే, అందుకని రోజూ ప్రతి నిపుల్ నొక్కి చూడండి. ఇంకోటి, పంటల మీద కొట్టడానికి అమ్మే నాచు ద్రావణం ఇంట్లో ఉంది కదా అని దాణాలో పోయకండి. దాన్ని పశువుల కోసం తయారు చేయరు, కొన్నిటిని క్షారంతో ఉడికించి తీస్తారు.

ఖర్చు పెట్టగలిగితే తల్లి పందికి కూడా పెట్టి చూడండి, ఈనడానికి వారం ముందు నుంచి పిల్లలు పాలు మానేదాకా. డబ్లిన్ వాళ్లు నాచు సారంతో ఇలా కూడా చేసి చూశారు. మా షెడ్డులో పిల్లలకి విడిగా పెట్టినప్పటికంటే ఇదే నాకు నచ్చింది.

పిల్లల్ని ఎన్నో రోజున వేరు చేస్తున్నారో మీరు రాయలేదు. 28 రోజులకే చేస్తుంటే, నాచు సంగతి తర్వాత, ఈసారి 45 దాకా తల్లి దగ్గరే ఉంచి మేత మెల్లగా అలవాటు చేసి చూడండి.