డిగ్రీ–రేడియన్, డెసిమల్–హెక్స్ మార్పిడికి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కొనాలా?

తిరుపతిలో ఈసీఈ చేరబోతున్నానని, ఈ మార్పిళ్ల కోసం టీఐ-84 ప్లస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కొననా అని అడిగారు. ఈ పనికైతే వద్దండి. అందులో బేస్ మార్చే, అంటే మామూలు డెసిమల్ అంకెని హెక్స్ (16 ఆధారంగా రాసేది, 10 నుంచి 15కి ఏ నుంచి ఎఫ్ అక్షరాలు) లేదా బైనరీలోకి మార్చే మెనూనే లేదు. దానికన్నా చాలా చవకైన కాసియో ఎఫ్‌ఎక్స్-991లో ఉంది.

మన తిరుపతి పిన్‌కోడ్ 517501నే తీసుకోండి. 991 ఈఎస్ ప్లస్‌లో మోడ్, 4 నొక్కితే బేస్-ఎన్, అంటే బేసులు మార్చే మోడ్ వస్తుంది. అంకె కొట్టి, ఈక్వల్ నొక్కి, హెక్స్ మీట నొక్కితే 7ఈ57డీ. అక్కడే బైనరీ కోసం బిన్ మీట నొక్కితే మ్యాథ్ ఎర్రర్! మిషన్ పోయిందని కంగారొద్దు. ఆ మోడల్‌లో బైనరీకి 16 బిట్లే, ఈ అంకెకి 19 కావాలి. 991 ఈఎక్స్‌లో 32 బిట్లున్నాయి కాబట్టి వస్తుంది. బేస్-ఎన్‌లో దశాంశాలుండవు, 7÷2 అంటే 3 అనే చెబుతుంది.

ఇంట్లో అన్న వాడిన టీఐ-84 ఉంటే 517501÷16 చేయండి, 32343.8125. మ్యాథ్, నమ్‌లో 4వదైన ఎఫ్‌పార్ట్‌తో దశాంశ భాగం తీసి 16తో గుణిస్తే 13, అంటే డీ. తర్వాత 32343తో అదే పని. శేషాలు వరసగా 13, 7, 5, 14, 7. చివరి నుంచి మొదటికి చదవాలి, 7ఈ57డీ.

అసలు మార్కులు పోయేది బేసుల్లో కాదు, కోణాల్లో. ఏసీ వోల్టేజీ సూత్రం 325 సైన్(314t + 30°) చూడండి, t అంటే సెకన్లలో సమయం. 314t రేడియన్లు, 30 డిగ్రీలు. t = 0.005 అయితే జవాబు సుమారు 281.6 వోల్టులు. మిషన్ డిగ్రీలో పెట్టి 1.57కి 30 కలిపేస్తే 170 వస్తుంది, అదీ నమ్మేలాగే ఉంటుంది! రికార్డులు దిద్దేవాళ్లు ఫార్ములా చూసి టిక్కు పెడతారే గానీ మోడ్ ఏదని అడగరు. రేడియన్‌లో ఉంచి, 30 తర్వాత డిగ్రీ గుర్తు పెట్టండి: కాసియో ఈఎస్ ప్లస్‌లో షిఫ్ట్, ఆన్స్, 1, టీఐ-84లో సెకండ్, యాప్స్, 1. ఆ 30 డిగ్రీలను మిషనే రేడియన్‌లోకి మార్చుకుంటుంది.

టీఐలో డిగ్రీ మోడ్ పెట్టుకుని, పై/2కి రేడియన్ గుర్తు పెట్టేటప్పుడు బ్రాకెట్ వేయకపోతే గుర్తు 2కే అంటుకుంటుంది.

ఎవరి మిషన్ అరువు తెచ్చుకున్నా ముందు సైన్ 30 కొట్టండి. 0.5 వస్తే డిగ్రీ, −0.988 అయితే రేడియన్, 0.454 అయితే గ్రేడియన్ (లంబకోణాన్ని 100 భాగాలు చేసే కొలత).