నారకు సోడా పెట్టేముందు

చిరంజీవి శైలజకు, కడప నుంచి మామ ఆశీర్వదించి రాయునది.

అరటినారను ఎపాక్సీ రెసిన్లో (ఆరితే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) కలిపి పలకలు పోసే ప్రాజెక్టు చేస్తున్నావని అక్క ఫోన్లో చెప్పింది. మంచిపని. పులివెందుల తోటల్లో గెల కొట్టినాక బోదెలు ఊరికే పారేస్తారు, సరుక్కి కొదవ లేదు.

చిక్కంతా ఎక్కడంటే, నారకు నీళ్లంటే ప్రాణం, ఎపాక్సీకి నీళ్లంటే పడదు. రెండింటికీ పొత్తు కుదరాలంటే నార మీది మైనం, జిగురు, నారను అంటిపెట్టుకునుండే హెమిసెల్యులోజ్, కొంత లిగ్నిన్ అనే పదార్థాలు పోవాల. ఆ పని కాస్టిక్ సోడా చేస్తుంది. నార గరుకు తేలుతుంది, రెసిన్ పట్టుకుంటుంది.

లీటరుకు 50 గ్రాములు చాలు. ఎక్కువేస్తే ఇంకా గట్టిపడుతుందని ఎవరన్నా అంటే వినొద్దమ్మీ. ఘాటెక్కువైతే నారకు బలమిచ్చే సెల్యులోజే దెబ్బతిని నార పుటుక్కున తెగుతుంది. నీళ్లలో సోడా వేయాల గానీ సోడా మీద నీళ్లు పోయొద్దు, మొహం మీదికి చిమ్ముతుంది. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ బకెట్టు మేలు. మీ అనంతపురం బోరునీళ్లు కూడా వద్దు. ఆ ఉప్పునీళ్లలో సోడా పడిందంటే పాలు విరిగినట్టు తెల్లగా తేలి నారకే అంటుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో.

కడిగేకాడ అందరికీ బద్ధకమే. పీహెచ్ పేపర్ 7 చూపేదాకా, అంటే సోడా ఘాటు పూర్తిగా పోయేదాకా కడుగు. ఒకసారి నాలుగు చుక్కల ఎసిటిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో ముంచి, మళ్లీ మంచినీళ్లలో జాడించు. నీడన ఆరినాక ఓవెన్లో 70 డిగ్రీల దగ్గర పెట్టి, తూకం తగ్గడం ఆగేదాకా ఉంచు. మన ఎండలకు చేతికి పొడిగానే తగులుతుంది, లోపలి తేమ మాత్రం పోదు. అదే రెసిన్లో బుడగలవుతుంది.

సోడా పెట్టని నారతో కూడా అదే రెసిన్, అదే పాళ్లతో పలకలు పోసి పెట్టుకో. లేకుంటే దేంతో పోలుస్తావు? బలం చూసే మెషీన్లో పలకలు విరిచినాక అది చూపిన అంకె రాసుకుని ముక్కలు పారేయొద్దు, భూతద్దం పెట్టి అంచు చూడు. నారలు బోడిగా బయటికొచ్చి, ఎదుటి ముక్కలో వాటి బొక్కలు మిగిలుంటే పట్టు లేనట్టు. నార అంచు దగ్గరే తెగి, దానికి రెసిన్ తునకలు అంటుకునుంటే పట్టు కుదిరినట్టు. పట్టు బాగుండీ అంకె తగ్గిందా, ముందు సోడా నారను తినేసిందేమో చూడు.

నారకూ రెసిన్‌కూ పట్టు పెంచే సైలేన్ అనే రసాయనం సంగతి దీని తర్వాతే. వాడిన సోడానీళ్లు హాస్టల్ చెట్లకు పోయొద్దు, ల్యాబులో యాసిడ్‌తో విరుగుడు చేయించే పారబోయి. ముక్కల ఫోటోలు దగ్గర్నుంచి తీసి పంపు.

మీ మామ