ఉచిత లాయర్‌కు డబ్బెవరిస్తారు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది అచ్చంపేట దగ్గర ఊరు. మా ఆయన పనికని ముంబై పోయి అక్కడే చనిపోయిండు. ఆయన వాటా రెండెకరాల్లో నేను అడుగు పెట్టకుండా మా బావ కోర్టులో ఇంజంక్షన్ దావా వేసిండు. న్యాయ సేవా కమిటీ వాళ్లు నాకు లాయర్‌ను ఇచ్చారు. ఆయన రెండు వాయిదాలకు రాలేదు. అడిగితే 'పైనుంచి బిల్లులు రావట్లేదమ్మా' అంటున్నాడు. ఉచితం అన్నాక బిల్లేంది? నా కేసు పోతదా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: చెల్లె, ఉచితమన్నది నీకే. లాయర్ ఫీజు, బత్తా, నకళ్ల ఖర్చు ఎవరో ఒకరు కట్టాల్సిందే. దానికోసమే 1987 న్యాయ సేవల చట్టంలో జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో న్యాయ సహాయ నిధులు పెట్టారు. రాష్ట్ర నిధికి రాష్ట్ర ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. ఇది దయాదాక్షిణ్యం కాదు. ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని చెప్పే 39ఎ అధికరణం 1976 సవరణతో రాజ్యాంగంలోకి వచ్చింది. నువ్వు ఆడదానివి కాబట్టి ఆదాయం ఎంతని కూడా అడగరు.

నేనూ కొన్నేళ్లు ప్యానెల్ లాయర్‌గా, అంటే న్యాయ సేవా సంస్థ ఇచ్చే కేసులు చూసే లాయర్‌గా చేశాను. ఒక భరణం కేసు తీర్పు వచ్చి, ఆమె మనోవర్తి తీసుకోవడం మొదలుపెట్టి, పిల్లవాడు బడికి పోయే దాకా నా బిల్లు రాలేదు. జూనియర్లు ఎందుకు జారుకుంటారో అప్పుడు తెలిసింది. అయినా మీ లాయర్ రాకపోవడం తప్పే.

డబ్బులు తగ్గితే ముందు దెబ్బ పడేది నీలాంటి సివిల్ కేసు మీదే. జైల్లో ఉన్నవాడికి లాయర్ లేకుండా విచారణ జరిపితే పై కోర్టు ఆ శిక్షను కొట్టేయొచ్చు, అందుకే అక్కడ జడ్జిలు జాగ్రత్తగా ఉంటారు. 2022 నుంచి క్రిమినల్ కేసులకు జీతం మీద పూర్తికాలం లాయర్లను పెట్టే పథకం కూడా వచ్చింది. సివిల్ కేసులో అట్లా కాదు. నీ తరఫున ఎవరూ నిలబడకపోతే కోర్టు ఆగదు, ఎక్స్‌పార్టీ చేస్తుంది, అంటే నువ్వు లేకుండానే కేసు నడిపిస్తుంది. రెండెకరాలు చప్పుడు కాకుండా పోతయ్. ఏ పేపర్లోనూ రాదు. అందుకే సివిల్ న్యాయ సహాయానికి వేరే పద్దు ఉండాలని, దాన్ని ఏడాది మధ్యలో కోయొద్దని నేను అంటాను. బడ్జెట్ ముందు మీ ఎమ్మెల్యే ఊరికి వస్తే రోడ్డు, నీళ్లతో పాటు ఇదీ అడగండి. మీ జిల్లాకు ఎంత వచ్చింది, ప్యానెల్ లాయర్లకు ఎంత బాకీ అని సమాచార హక్కు కింద కాగితం పెట్టొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇక నీ కేసు. ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోయి, లాయర్ రావట్లేదు, మార్చండి అని రాసి ఇవ్వు. రసీదు తప్పకుండా తీసుకో. పోలేకపోతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చెయ్యి. ఆ లాయర్ నీ దగ్గర పైసా అడగకూడదు, అడిగితే అదీ రాసి ఇవ్వు. బావ వేసిన దావాకు నీ తరఫు రాతపూర్వక జవాబు (రిటన్ స్టేట్‌మెంట్) మీ లాయర్ వేశాడో లేదో కూడా చూసుకో. సమన్లు అందిన 30 రోజుల్లో వేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. ఇప్పటికే ఎక్స్‌పార్టీ డిక్రీ (నువ్వు లేకుండా ఇచ్చిన తీర్పు) అయి ఉంటే దాన్ని తీసేయమని 30 రోజుల్లో పిటిషన్ పెట్టాలి.

సమన్ల కాగితం, మీ ఆయన మరణ ధ్రువపత్రం, పాత పాసుబుక్ జిరాక్సులు దగ్గర పెట్టుకో. వచ్చే వాయిదా ఎప్పుడో ఉత్తరంలో రాయలేదు నువ్వు. రేపు పొద్దున్నే కోర్టుకు పోయి ముందు ఆ తేదీ కనుక్కో.